ముందు అంచులు కలపండి

గుడివాడలో రైలెక్కి బందరు దాకా కిటికీ పక్కన కూర్చుని చూస్తే తాడిచెట్లు, కాలవగట్లు, చేపల చెరువులు, వరిమళ్ళు తప్ప కంటికి అడ్డం వచ్చేది ఏదీ ఉండదు. కొండ మచ్చుకైనా కనపడదు. బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధక్రీడకు ఫోమ్‌తో నేల కట్టడం నేర్పే పుస్తకాలూ వీడియోలూ మాత్రం కొండతోనే మొదలవుతాయి. ఒక ఫోమ్ ముక్క మీద ఇంకో ముక్క అంటించు, వాలుగా చెక్కు, పచ్చపొడి చల్లు. మన కుర్రాళ్ళు అదే చూసి అదే చేస్తారు. తీరా బల్ల మీద తేలేది వాళ్ళు ఎన్నడూ నడవని నేల. ఈ అధ్యాయం మన నేల కోసం రాస్తున్నాను. ఇక్కడ ఎత్తు పేర్చే పని తక్కువ, లోతు తీసే పని ఎక్కువ. చదివి పక్కన పెట్టే అధ్యాయం కూడా కాదిది, కట్టర్ పట్టుకుని చదవాలి.

ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. బొటనవేలంత సైనికుల బొమ్మలుంటాయి. వాటిని టేపుతో కొలిచి కదుపుతారు, పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో తేల్చుకుంటారు. ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాసి దీన్ని ఇళ్ళలోకి తెచ్చాడు. దానికి నూరేళ్ళ ముందే, 1812లో, ప్రష్యాలో రైస్విట్జ్ అనే ఆయన తన రాజు మూడో ఫ్రెడరిక్ విలియంకు ఒక ఆటబల్ల బహూకరించాడు. అందులో నేల ఒకే పలకగా ఉండదు. విడివిడి ముక్కలుగా ఉంటుంది. ఈ రోజు నదిని ఇటు తిప్పి, రేపు అటు తిప్పి, ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. ఇప్పుడు మాడ్యులర్ బోర్డులని పిలిచేవి ఇవే. మన ఇళ్ళల్లోనూ ఈ చేతిపని ఉంది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఆడవాళ్ళు మెట్ల ముందు మట్టి పరిచి, అద్దంతో చెరువు చేసి, మొలకలతో పొలం పెంచి, కొండపల్లి తాడిచెట్టును గట్టున నిలబెట్టడం చూస్తూనే పెరిగాం. కావలసిన కన్ను మనకు ఉంది, దానికి కొలత కలపడమే మిగిలింది.

ఆడదగ్గ యుద్ధం కోసం వాటర్లూ దాకా పోనక్కరలేదు. బందరు కోట ఉంది.

1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళను ఓడించిన ఇంగ్లీషు కుంఫిణీ కల్నల్ ఫోర్డ్, మరుసటి మార్చికి బందరు చేరాడు. కోటలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఉన్నాడు. కోటకు నేల వైపంతా ఉప్పు పర్ర, ఒక పక్క సముద్రపు పాయ. ఊరి నుంచి కోటకు పోవాలంటే బురద మీదుగా వేసిన కట్టదారి ఒక్కటే. లోపల ఉన్నవాళ్ళు బయట ముట్టడించినవాళ్ళ కన్నా ఎక్కువ. పైగా ఫ్రెంచివాళ్ళకు సాయంగా నిజాం సలాబత్ జంగ్ సైన్యం తరలివస్తోంది, ఫోర్డ్ దగ్గర మందుగుండు అడుగంటింది. ఏప్రిల్ 7 అర్ధరాత్రి, ఆటుకు నీళ్ళు తీసి కందకంలో లోతు తగ్గే వేళ చూసుకుని, అతను మూడు వైపులా మనుషుల్ని నడిపించాడు. కెప్టెన్ నాక్స్ పర్రలో దిగి నైరుతి వైపు పోయి తుపాకులు పేల్చాడు. ఫోర్డ్‌కు తోడొచ్చిన విజయనగరం ఆనందరాజు మనుషులు కట్టదారి మీద హడావుడి చేశారు. అసలు దెబ్బ ఈశాన్యపు బురుజు మీద పడింది. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. మే 14న సలాబత్ జంగ్ బందరునూ చుట్టుపక్కల నేలనూ కుంఫిణీకి రాసిచ్చాడు.

ఆటగాడి కంటితో ఈ కథను మళ్ళీ చదవండి. ఆ రాత్రిని తేల్చినవి కందకంలో నీళ్ళ లోతు, పర్రలో బురద లోతు, కట్టదారి ఎత్తు. అన్నీ మనిషి నిలువుకు లోపలి కొలతలే. నడుములోతు నీళ్ళు ఒక సైన్యాన్ని ఆపుతాయి, మోకాలిలోతు అయితే దాటనిస్తాయి. చదునైన బల్ల మీద నీలం గుడ్డ పరిచి ఇది కందకం అనుకోండి అంటే ఈ యుద్ధంలో ఉన్న ప్రాణం పోతుంది. ఫోమ్ మనకు పనికొచ్చేది ఇందుకే. నిజంగా లోతు తియ్యనిస్తుంది. బొమ్మను అందులోకి దించితే తల మాత్రమే పైకి కనపడుతుంది. ఆ ఒక్క చూపుతో నియమాల పుస్తకంలో ఒక పేజీ అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టింది 1852–55 మధ్య. మనం ఈనాడు డెల్టా అనుకునే పంటకాలవలు, లాకులు, తూములు ఆ తర్వాతివి. 1759 బల్ల మీద లాకు పెడితే అబద్ధం చెప్పినట్టే. ఆ బల్లకు పర్ర, ఉప్పుపాయలు, ఇసుకదిబ్బలు, తాడితోపులు చాలు. కాలవగట్ల బల్ల వేరే కట్టుకోండి, దాని మీద మీరు ఊహించుకున్న యుద్ధం ఏదైనా ఆడుకోండి.

ఇక కొలతల సంగతి. థర్మాకోల్ రకాలు రెండు. గుండ్లు గుండ్లుగా విరిగేది, చేపల పెట్టెలకూ పెళ్ళి మండపాల అలంకరణకూ వాడే తెల్లది ఒకటి. మేడల మీద ఎండ దిగకుండా పరిచే గట్టి రకం, ఎక్స్‌పీఎస్ అనేది రెండోది. పలకలకు రెండోదే వాడండి. అది సాధారణంగా 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ఉన్న షీట్లుగా దొరుకుతుంది. అడ్డంగా ఒక్క కోత కోస్తే 60 సెంటీమీటర్ల చతురస్రాలు రెండు వస్తాయి, వ్యర్థం ఉండదు. 50 మిల్లీమీటర్ల మందం తీసుకోండి, లోతు తియ్యాలి కాబట్టి పలచటిది చాలదు. ఆరు పలకలు చేరిస్తే 180 ఇంటూ 120 సెంటీమీటర్ల బల్ల తయారవుతుంది. అది ఈ ఆటకు అందరూ వాడే కొలతకు సరిపోతుంది.

ఆ చతురస్రం ఎంత పొలమో లెక్క వేసుకుంటే మనవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. 28 మిల్లీమీటర్ల బొమ్మలంటే అసలులో సుమారు అరవయ్యో వంతు. ఆ లెక్కన ఒక పలక 32 సెంట్లు. 15 మిల్లీమీటర్ల బొమ్మలు నూరో వంతు, అప్పుడు పలక 89 సెంట్లు. 6 మిల్లీమీటర్ల చిన్నవి మూడువందలో వంతు, అప్పుడు ఒక్క పలక మీద 8 ఎకరాలు పడతాయి. 28 మిల్లీమీటర్లతో ఆరు పలకల బల్ల కట్టినా రెండెకరాలకు తక్కువే. గట్టు పక్కన పొంచి ఉండి చేసే చిన్న ఘర్షణకు అది చాలు, కోట ముట్టడికి చాలదు. బందరు కోటకు 6 మిల్లీమీటర్లు తీసుకోండి. అప్పుడు కూడా మైలు దూరం ఐదు మీటర్ల పైన వస్తుంది కనక కట్టదారి పొడవును కుదించక తప్పదు. వెడల్పులూ ఎత్తులూ బొమ్మకు సరిపోవాలి, దూరాలను కుదించుకోవచ్చు. అందరూ చేసే పనే ఇది.

అంచు

మొదలుపెట్టిన పని ఆగిపోతే బద్ధకం అని మనల్ని మనం తిట్టుకుంటాం. నేను చూసినంతలో బద్ధకం కన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. పని ఎక్కడ ముగుస్తుందో ముందుగా గీసుకోకపోవడం. ఆరడుగుల బల్ల మొత్తాన్ని ఒకేసారి ఊహించుకున్నవాడు ఊరు కడుతూ కాలవ మార్చుకుంటాడు, కాలవ కోసం దారి చెరిపేస్తాడు. ఏదీ అయిపోయినట్టు అనిపించదు. ఒక్క పలక పట్టుకున్నవాడికి పని ఎంతో తెలుసు. నాలుగు అంచులు ఎలా ఉండాలో ముందే ఖాయం, లోపల ఏం చేసినా బయట ఎవరికీ ఇబ్బంది లేదు. పలక పూర్తయిన రోజే అది ఆటకు పనికొస్తుంది. మిగతా ఐదు ఎప్పటికైనా కానివ్వండి.

అందుకే మొట్టమొదట అంచు తేల్చుకోవాలి. పెడన కలంకారీ అచ్చు చెక్కేవాళ్ళ నియమమే మనదీ: అచ్చు మధ్యలో ఎంత పనితనం చూపించినా, ఒక అద్దకం పక్కన ఇంకో అద్దకం వేసినప్పుడు అతుకు కనపడకూడదు.

డెల్టా పలకకు రెండు రకాల అంచులు చాలు. ఒకటి నేల అంచు, చదునుగా 50 మిల్లీమీటర్ల ఎత్తు. రెండోది కాలవ అంచు. దాన్ని ఇలా గీయండి. 60 సెంటీమీటర్ల పక్కలో సరిగ్గా నడుమ, అంటే 30 దగ్గర, కాలవ మధ్యగీత. కాలవ వెడల్పు 12 సెంటీమీటర్లు, లోతు 20 మిల్లీమీటర్లు, పక్కలు వాలుగా. దానికి ఇటూ అటూ మూడేసి సెంటీమీటర్ల వెడల్పున గట్లు, నేల కన్నా 8 మిల్లీమీటర్లు ఎత్తు; షీటు మందానికి మించిన ఆ ఎత్తుకు కోతకు ముందే ఫోమ్ పట్టీలు అంటించుకోవాలి. మిగిలింది రెండు పక్కలా ఇరవై ఒక్కటేసి సెంటీమీటర్ల చదునైన పొలం.

రెండు గట్లూ సమానంగా ఎందుకుండాలి? మన కాలవలకు సాధారణంగా ఒక గట్టు మీద రోడ్డు ఉంటుంది, రెండోది కాలిబాట. అచ్చంగా అలాగే చెయ్యాలనిపిస్తుంది. చేస్తే పలకలు కలవవు. మీరు పలక మధ్యలో నిలబడి అంచు వైపు చూస్తున్నట్టు ఊహించుకోండి. ప్రతి పలకలోనూ రోడ్డు ఎడమచేతి వైపు పెట్టారనుకుందాం. ఎదుటి పలకలో నిలబడినవాడు మీకు ఎదురుగా చూస్తుంటాడు. అతని ఎడమ మీ కుడి అవుతుంది. మీ రోడ్డు పోయి అతని కాలిబాటకు గుద్దుకుంటుంది. పలకను ఎటు తిప్పినా కలవాలంటే అంచు దగ్గర ఎడమా కుడీ ఒకటే కావాలి. రోడ్డు కావాలంటే పలక లోపల పెంచుకోండి, అంచుకు నాలుగు వేళ్ళ దూరంలో సన్నబరిచి గట్టు వెడల్పుకు తెచ్చేయండి.

పలకలు జరగకుండా మాగ్నెట్లు పెట్టేవాళ్ళున్నారు. వాటి లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ఎడమా కుడీ వేరు కావాలి. పలక మధ్యనుంచి చూస్తే ప్రతి అంచుకూ ఎడమ పక్క ఉత్తర ధ్రువం, కుడి పక్క దక్షిణ ధ్రువం బయటికి వచ్చేట్టు అమర్చండి. ఏ అంచు ఏ అంచుకు ఎదురైనా మీ ఎడమ అతని కుడికి తగులుతుంది కాబట్టి ఉత్తరానికి దక్షిణమే దొరుకుతుంది, పట్టుకుంటాయి. ఒక్కటి తిరగబడినా ఆ మూల తన్నేస్తుంది. అంటించేముందు మార్కరుతో ప్రతి మాగ్నెట్ మీద గుర్తు పెట్టుకోండి.

గీసిన కాలవ అంచును అట్టముక్క మీద ఉంచుకుంటే నాలుగు వాడకాలకు నలిగిపోతుంది. నేమ్‌బోర్డులు చేసేవాళ్ళ దగ్గర వేడి తీగకు కరగని 3 మిల్లీమీటర్ల గట్టి షీటులో ఒకే కొలతతో రెండు నమూనాలు కోయించుకోండి. ఈ రెండింటితోనే అసలు కోత నడుస్తుంది. పలక ఈ కొసకు ఒకటి, ఆ కొసకు ఒకటి గుండుసూదులతో గట్టిగా బిగించండి. నైక్రోమ్ తీగను పన్నెండు వోల్టుల ట్రాన్స్‌ఫార్మరుతో వేడెక్కించి, పలక పొడవు కన్నా ఎక్కువ ఉన్న కర్రకు విల్లులా బిగించుకోండి. ఇద్దరు చెరో కొస పట్టుకుని, తీగను రెండు నమూనాల మీద ఆనించి, ఒకే వేగంతో నడిపించాలి. ముందు గట్టు ఎక్కుతుంది, గట్టు దిగుతుంది, వాలున కాలవలోకి జారుతుంది, అడుగున చదునుగా పోతుంది, అవతలి వాలు ఎక్కుతుంది. నోటితో పైకే లెక్కపెట్టండి, ఇద్దరూ ఒకే అంకె దగ్గర ఒకే మలుపులో ఉండాలి. ఒకరు ఆగితే తీగ అక్కడే కరిగించి గుంట చేస్తుంది. తీగను తొయ్యకండి, దాని వేడి మీద అది పోనీయండి. ఫోమ్ దానంతటది విడిపోవాలి. పొగ పీల్చకూడదు కాబట్టి వరండాలోనో డాబా మీదో, గాలి మీ వీపు వైపునుంచి వీచేట్టు కూర్చుని చెయ్యండి. చిన్నపిల్లల చేతికి తీగ ఇవ్వవద్దు, లెక్కపెట్టే పని ఇవ్వండి.

వంపు తిరిగే కాలవ, రెండుగా చీలే కాలవ ఈ పద్ధతిలో రావు. అంచుల దగ్గర నమూనా పెట్టి గీసుకుని, మధ్యలో కట్టరుతో చెక్కాలి. బ్లేడు కొత్తదై ఉండాలి. ఒక్క దెబ్బకు లోతుగా దించకుండా మూడు సార్లుగా కోయండి. ఫోమ్ కిచకిచమని చిరుగుతుంటే బ్లేడు మొద్దుబారినట్టే, ఒక గాటు విరిచేయండి.

కోత అలవాటు చేసుకోవడానికి డబ్బు తగలెయ్యనక్కరలేదు. కైకలూరు, ముదినేపల్లి, గుడివాడ చెరువుల చేపలు ఐసు వేసి థర్మాకోల్ పెట్టెల్లో పోతాయి, బందరు గిలకలదిండి రేవులోనూ ఈ పెట్టెలే. మూతలు విరిగినవి అడిగి తెచ్చుకుని, బ్లీచింగు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వాటి మీద చెయ్యి తిప్పుకోండి. అడుగు పలకకు అవి నిలవవు కానీ ఇళ్ళ గోడలకు, లాకు దిమ్మెలకు, చెరువు గట్లకు బాగానే పనికొస్తాయి.

పూత, మట్టి, నీళ్ళు

ఫోమ్‌కు శత్రువులు తెలిసి ఉండాలి. పంక్చర్లకు వాడే సొల్యూషన్, థిన్నర్ కలిసిన ఎనామిల్ రంగులు, డబ్బాలో వచ్చే స్ప్రే పెయింటు దాన్ని తినేస్తాయి. అంటించడానికి ఫెవికాల్ వాడండి, ఆరడానికి ఒక రాత్రి ఇవ్వండి. పైపూతకు వాల్ పుట్టీలో ఫెవికాల్, కొద్దిగా నీళ్ళు, నల్లరంగు కలిపి, బ్రష్ నుంచి జారిపోకుండా ఉండేటంత చిక్కగా చేసుకోండి. రంగు ముందే కలపడం ఎందుకంటే ఎప్పుడైనా పెచ్చు లేచినా లోపల తెలుపు కనపడదు. గట్లకు కొండపల్లివాళ్ళ దారి పట్టండి. వాళ్ళు చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి మక్కు చేసి బొమ్మల అతుకులు పూడుస్తారు. మనం రంపపుపొట్టులో ఫెవికాల్ కలిపి గట్టు మీద వేలితో అద్దితే, పార వేసి తీసిన నల్లమట్టి గరుకుదనం వస్తుంది.

ఒక వైపే తడి పూత వేస్తే ఆరేటప్పుడు అది లాగి పలకను వంచుతుంది. వంగిన పలక అంచు ఏ అంచుతోనూ కలవదు, అప్పటిదాకా పడ్డ కష్టమంతా అక్కడే పోతుంది. అడుగున పలచటి ప్లైవుడ్ అంటించండి. ఎండీఎఫ్ చవకే కానీ మన గాలిలో తేమకు అంచులు ఉబ్బుతాయి, అది వాడితే అంచులకు ప్రైమర్ తప్పనిసరి. పుట్టీ పనులన్నీ సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించుకోవడం మంచిది. వానల్లో పూత ఆరదు, బూజు పడుతుంది.

మట్టి కోసం రంగు పొడులు కొననక్కరలేదు. పొలం మట్టి తెచ్చి, ఎండబెట్టి, పొడిచేసి, సన్న జల్లెడ పట్టి, పాత మూకుట్లో వేడిచేసి వాడుకోండి. మంగినపూడి బీచిలో ఉండే నల్లబంకమట్టి పర్ర పలకలకు సరిగ్గా సరిపోయే రంగు. కానీ సముద్రపు ఒడ్డు మట్టిలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు గాల్లోని తేమను లాగి పూతను ఎప్పటికీ చెమ్మగానే ఉంచుతుంది. బకెట్లో కలిపి తేరనిచ్చి పైనీళ్ళు పారబోయడం నాలుగైదుసార్లు చేసి, తర్వాతే ఎండబెట్టండి.

నీళ్ళకు ఎపాక్సీ రెజిన్ పోయడం చూసి చాలామంది మోజు పడతారు. మాడ్యులర్ పలకలకు నేను దాన్ని సిఫారసు చెయ్యను. అంచున టేపు కట్టి పోస్తే రెజిన్ టేపు వెంట పైకి పాకుతుంది, టేపు తీశాక అంచున పెదవిలా లేచి ఉంటుంది. రెండు పలకలు చేర్చినప్పుడు కాలవకు అడ్డంగా గీత కనపడుతుంది. మందంగా పోస్తే వేడెక్కి ఫోమ్‌ను కూడా కరిగించవచ్చు. కాలవ అడుగుకు రంగు బాగా వేసి, దాని మీద మెరిసే వార్నిష్, నీళ్ళతో కలిసే రకం, పూత మీద పూత వెయ్యండి. రంగు నీలం కానే కాదు. పారే పంటకాలవ ఎర్రమట్టి రంగు, నిలిచిన మురుగుకాలవ ముదురు పచ్చ, పర్రలో పాయ బూడిద. పులిగడ్డ అక్విడక్టు మీద నిలబడి చూడండి. పైన దివిసీమకు పోయే కాలవ నీళ్ళు, కింద కృష్ణ పాయ. ఒకే చోట రెండు ఎత్తుల్లో రెండు నీళ్ళు. చెయ్యి తిరిగాక కట్టదగ్గ పలక అది.

పంట సంగతి ముందే తేల్చుకోండి. ఆరు పలకలకూ ఒకటే కాలం ఉండాలి. ఒకదాంట్లో నారుమడి, పక్కదాంట్లో కోతకొచ్చిన చేను, ఆ పక్కన కుప్పలు ఉంటే అంచులు కలిసినా నేల కలవదు. బందరు ముట్టడి ఏప్రిల్ నెలది, అక్కడ పచ్చదనం తాళ్ళ మట్టలకే ఇవ్వండి. కాలవగట్ల బల్లకైతే కోత అయిన చేను నాకు ఇష్టం. కొబ్బరిపీచు కత్తిరించి వరుసల్లో గుచ్చితే మోళ్ళు అవుతాయి, వాటి మధ్య అక్కడక్కడా ముదురాకుపచ్చ పొడి చల్లితే వరి కోతకు ముందే చల్లిన మినుము మొలిచినట్టుంటుంది. బయటి ప్రాంతంవాడికి అది తెలియకపోవచ్చు. గుడివాడ పక్క రైతు చూస్తే డిసెంబరో జనవరో చెప్పేస్తాడు.

దివిసీమ పలక

ఈ పలక మీద నేను పాచికలు వేయించను. 6 మిల్లీమీటర్ల కొలతలో, నాగాయలంకకు దిగువ ఉండే ఊళ్ళలాంటి ఒక ఊరు, పూరిళ్ళు, కరకట్ట, మడ అడవి, పాయ పిల్లలచేత కట్టించండి. పూరింటి కప్పు నాలుగు మీటర్ల ఎత్తనుకుంటే పలక మీద 13 మిల్లీమీటర్లు. తర్వాత ఒక పారదర్శకమైన యాక్రిలిక్ షీటు తీసుకుని నాలుగు మూలలా కాళ్ళు పెట్టి నేలకు 17 మిల్లీమీటర్ల ఎత్తున నిలపండి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన ఎత్తు దాదాపు 5 మీటర్లు, ఆ కొలతలో అది సరిగ్గా ఇంతే. షీటు కింద ఇళ్ళన్నీ మునిగి ఉంటాయి. తాడిచెట్ల తలలు పైకి రావడానికి షీటుకు చిల్లులు పెట్టాల్సి వస్తుంది. ఆ రాత్రి చెట్టు పట్టుకుని బతికినవాళ్ళ మాటలు ఇళ్ళల్లో విన్న పిల్లలకు ఆ చిల్లులు చూస్తే సంగతి బోధపడుతుంది. పదివేలమందికి పైగా పోయారు. దానికి నూటపదమూడేళ్ళ ముందు, 1864 నవంబరు 1న, బందరును ముంచిన ఉప్పెనలో ముప్పైవేలమంది దాకా పోయారని లెక్క. తుఫాను షెల్టరు స్తంభాల మీద ఎందుకు కడతారో, మడ చెట్లు నరకొద్దని ఎందుకంటారో ఉపన్యాసం చెప్పనక్కరలేదు. స్కూలు సైన్స్ ఫెయిర్‌కు వెళ్ళే పిల్లలకు ఈ పలకంత మంచిది నాకు ఇంకోటి తట్టలేదు.

నలుగురూ కలిసి

ఆరు పలకలూ ఒక్కరే చెయ్యాలని నియమం లేదు. మీరు గుడివాడలో, మీ బావ బందరులో, మీ స్నేహితుడు అవనిగడ్డలో ఉన్నారనుకుందాం. కాలవ అంచు నమూనాలు మరో రెండు జతలు కోయించి ఇద్దరికీ ఇవ్వండి. కాయితం మీద కొలతలు రాసి పంపితే చాలదు, ఎవరి స్కేలు వారిది. ఒకే రోజు, ఒకే మిషను మీద, ఒకే షీటులోంచి కోసిన నమూనాలే ఇవ్వాలి. రంగుల విషయంలోనూ అంతే. మట్టిరంగు ఒకచోట కలిపి సీసాల్లో పంచండి. మధ్యలో ఏం పెట్టాలో మాత్రం చెప్పకండి. మీ బావకు రొయ్యల చెరువంటే ఇష్టమైతే అది పెట్టుకోనివ్వండి. కలిసి పనిచెయ్యడంలో గొడవలు ఎక్కువగా వచ్చేది ఒకరి మధ్యలోకి ఇంకొకరు చెయ్యి పెట్టినప్పుడే. అంచు దగ్గర ఎంత కచ్చితంగా ఉంటే మధ్యలో అంత ఉదారంగా ఉండొచ్చు. “బావా, నీ గట్టు రెండు మిల్లీమీటర్లు దిగింది, సరిచెయ్యి” అని చెప్పడానికి మొహమాటపడకండి, అది ఇద్దరూ ఒప్పుకున్న కొలత. “చెరువు ఎందుకు పెట్టావు” అన్నప్పుడే స్నేహం చెడుతుంది.

ఆర్టీసీ బస్సులో పలకలు తేవాలంటే రెండింటిని ముఖాముఖి పెట్టి, మధ్యలో నాలుగు మూలలా ఫోమ్ దిమ్మెలు నిలిపి, తాడుతో కట్టండి. చెట్లు, ఇళ్ళు పలకకు అంటించకుండా విడిగా డబ్బాలో తెస్తే సగం బెడద తీరుతుంది. ఇంట్లో ఉంచేటప్పుడు నేలమీద వద్దు, అటక మీద రేకు వేడికీ వద్దు. ఎలుకలు కొరుకుతాయి, చీమలు ఫోమ్‌లో గూడు కడతాయి. అరలో నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టుకోండి.

మొదటి వారం లాకులు, అక్విడక్టులు ఆలోచించకండి. నేరుగా పోయే కాలవ పలకలు రెండు కోయండి, పూత వెయ్యకముందే చేర్చి చూడండి. తర్వాత ఒకదాన్ని తిప్పి చేర్చండి. నాలుగు కలయికలూ చూసి, గట్టు మీద వేలు పెట్టి ఈ పలక నుంచి ఆ పలకకు జరపండి. అతుకు దగ్గర వేలు తట్టుకుంటే ఉప్పుకాగితంతో రుద్ది సరిచేసి మళ్ళీ జరపండి. తట్టుకోకుండా పోయాక, పలకల అడుగున అంచు రకం, తేదీ, చేసినవారి పేరు మార్కరుతో రాసి, మూడో పలకకు షీటు తీయండి.